లోపలికి తెరుచుకునే తలుపు

తలుపు తెరుచుకోలేదు. ఆమె అరచేత్తో తోసింది, తర్వాత భుజంతో తోసింది, ఆ మీదట రెండు చేతులూ ఆనించి ఒళ్లంతా బరువేసి తోసింది, అయినా అది ఇసుమంత కదల్లేదు. వెనకాల గది ఊపిరి బిగబట్టినట్టుంది, ఎవరో బయట గొళ్లెం పెట్టేశారు, లేదంటే మేస్త్రీ చూసుకోకుండా తాళం వేసుకుని టీకి పోయాడు, ఫోనున్న సంచీ బయట బల్ల మీదే ఉండిపోయింది, అరిస్తే వినబడదు, ఈ గోడల్లోంచి చప్పుడు బయటికి పోకూడదని మందం కట్టించింది తనే, అని పరిపరివిధాల అనుకుంటూ ఉండగానే చెయ్యి తనంతట తనే పిడి పట్టుకుని లాగింది. తలుపు మెత్తగా లోపలికొచ్చింది. దానికి దారివ్వడానికి ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. అంతా కలిపి మూడు సెకన్లు పట్టి ఉండదు. తను గీసిన తలుపు తనకే తెలియలేదే అని నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వు పెదాల దాకా వచ్చి చచ్చిపోయింది. వెనక్కి వేసిన ఆ కాలి మీదే, కొయ్యబారినట్టు, అలా నిలబడిపోయింది. లోపలికి. ఈ తలుపు లోపలికి తెరుచుకుంటోంది.

ఇంకెక్కడైనా అయితే ఎవరికీ పట్టేది కాదు. పన్నెండేళ్ల కిందట ఇదే స్థలంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీ ఉండేది, మూడంతస్తులు, ఒకటే మెట్లదారి, మెట్ల అడుగున ఒకటే తలుపు. మధ్యాహ్నం రెండుంపావుకి గుడ్డల కట్టలు అంటుకున్నాయి, ఆడవాళ్లంతా మెట్లు దిగి పరుగెత్తుకొచ్చారు, ముందొచ్చినవాళ్లు తలుపుని తమవైపు లాగేలోపల వెనకాలవాళ్లు వచ్చి మీద పడ్డారు, అది లోపలికి తెరుచుకునే తలుపు, లాగాలంటే కాస్త చోటు కావాలి, ఒక్క అడుగు, ఆ ఒక్క అడుగు ఎవరికీ దొరకలేదు. నలభై ఒక్కమంది. దానికి తాళం లేదు, గొళ్లెం కూడా పడలేదు, విచారణలో తేలింది అదే, తాళం పడని తలుపు వెనకాల నలభై ఒక్కమంది. ఆ నలభై ఒక్కమంది కోసం ఆరేళ్లు కూర్చుని, లేచి, పోట్లాడి, బతిమాలి, ఆమె ఈ స్మారక భవనం కట్టింది, తొమ్మిదింటికి వాళ్ల మనుషులు మొట్టమొదటిసారి చూడ్డానికి వస్తున్నారు, శుక్రవారం ప్రారంభం, ఇప్పుడు ఎనిమిదీ పది, పోయినవాళ్ల పేర్లు చెక్కిన ఈ పేర్ల గదికి తలుపు నిన్న సాయంత్రమే బిగించారు, అది లోపలికి తెరుచుకుంటోంది.

ఎలా? ఎలాగో తెలుసు, తెలియకపోవడమేమిటి, కళ్ల ముందే కదులుతోంది. డ్రాయింగులో తలుపంటే ఒక గీత, దాని పక్కన పావు వలయం, తలుపు ఎటు తిరుగుతుందో చెప్పే చిన్న విల్లు. మొదట ఆ విల్లు బయటికే ఉంది. అప్పుడు పోయినవాళ్ల కుటుంబాల సంఘం వాళ్లు వచ్చి, పేర్లన్నీ గది లోపలే ఉంటే ఎలాగమ్మా, మాలో కొందరు గదిలోకి అడుగుపెట్టలేరు, వాళ్లు నడవాలోంచే చూసుకుని వెళ్తారు, కొన్ని పేర్లు బయట చెక్కండి అన్నారు. న్యాయమైన మాట. పదమూడు పేర్లు నడవా గోడ మీదికి వచ్చాయి, తలుపు పక్కనే. అప్పుడు చూస్తే తలుపు తెరిచినప్పుడల్లా రెక్క వెళ్లి ఆ పేర్లని కప్పేస్తోంది. ఒక తల్లి నిలబడి పేరు చూసుకుంటుంటే ఎవరో తలుపు తీసి ఆ పేరు మూసేస్తారు, ఛీ, అలా జరగడానికి వీల్లేదు. ఆమె కీబోర్డు మీద ఒక మీట నొక్కింది. విల్లు అద్దంలో బొమ్మలా ఇటు తిరిగింది. ఎంత హాయిగా ఉందో ఆ మధ్యాహ్నం, చిక్కుముడి ఒక్క మీటతో విడిపోయినట్టు, కుర్చీలో వెనక్కి వాలి ఒళ్లు విరుచుకుంది కూడా. ఒళ్లు విరుచుకుంది!

అంతటితో ఆగితే పోనీ పొరపాటనుకోవచ్చు. యాభైమందో అంతకు మించో పట్టే గదికి తలుపు బయటికి తెరుచుకోవాలని నిబంధన ఉంది, ఉందని తనకి తెలుసు, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి మొదటి వారం నేర్పేదే అది. ఫారంలో ‘గదిలో ఉండగల వ్యక్తుల సంఖ్య’ అన్నచోట ఆమె నలభై తొమ్మిది అని రాసింది. నలభై తొమ్మిది! ఆ గదిలో నలభై ఒక్క కుటుంబాలు నిలబడతాయి, కుటుంబానికి ముగ్గురొచ్చినా నూట ఇరవై మూడు, వర్ధంతి రోజున ఇంకా ఎక్కువ. అందరూ రాస్తారు అలా, గది కొలత ఒకటి, కాగితం కొలత ఒకటి, అదేం పెద్ద నేరమని. ఆ ఫ్యాక్టరీ కూడా కాగితం మీద ఫ్యాక్టరీ కాదు. సరుకు నిలవ చేసుకునే గోదాము. గోదాములో మనుషులుండరు కాబట్టి తలుపు ఎటు తెరుచుకున్నా ఫరవాలేదని ఎవరో సంతకం పెట్టారు. ఆ సంతకం పెట్టినవాణ్ణి తను ఎన్ని సభల్లో ఎన్ని మాటలంది, ఆ కాగితాన్నే పెద్దది చేయించి ముందు గదిలో గోడకి తగిలించింది, అద్దం వేయించింది, దీపం పెట్టించింది. ఆ దీపం వెలుతురు ఇక్కడికీ పడుతోంది.

ఆమె నడవాలోకొచ్చి బల్ల మీద కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. ఎనిమిదింపావు. మేస్త్రీ గడపలో నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు, తలుపు బిగించింది అతనే, ముప్ఫై ఏళ్ల వడ్రంగం, చెక్క మీద గోటితో గీసి దాని వయసు చెప్పే మనిషి.

“మేస్త్రీ, నిన్న బిగించేటప్పుడు నీకేమీ అనిపించలేదా?”

“అనిపించింది మేడమ్. లోపలికి పెట్టించారేంటా అనుకున్నా. అయినా మీరు ఏదో ఆలోచించే పెట్టుంటారులే అని ఊరుకున్నా. మీరు గీసేవాటిల్లో సగం నాకు అర్థంకావు గదా.” నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. “కాదా?”

ఆలోచించే పెట్టుంటారు. ఆ మాట చెవిలో పడీ పడగానే లోపల ఏదో చటుక్కున లేచి కూర్చుంది, సిగ్గులేనిది, చురుకైనది, ఇన్నేళ్లుగా తనకి అన్నం పెట్టినది. అవును, ఆలోచించే పెట్టాను. ఈ గదిలోకొచ్చిన ప్రతి మనిషీ బయటికి వెళ్లబోయేముందు తలుపుని తోస్తాడు, అది కదలదు, ఒక్క క్షణం వాడి గుండె ఆగుతుంది, అప్పుడు ఒక అడుగు వెనక్కి వేస్తాడు, ఆ నలభై ఒక్కమందికి దక్కని ఆ అడుగు. ఎంత బాగుందో! ఇంత బాగా కావాలని ఆలోచించినా వచ్చేది కాదు. పత్రికలవాళ్లు రాస్తారు, విద్యార్థులు నోట్సుల్లో ఎక్కించుకుంటారు, విదేశాల్నించి వచ్చినవాళ్లు ఆ తలుపు దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటారు, వాళ్ల చేత కళ్లు తుడిపించడం తనకి వచ్చిన విద్యే కదా. ఏడుపుకి కొలతలుంటాయి. కప్పు తక్కువ ఎత్తులో పదడుగులు నడిపించి హఠాత్తుగా ఎత్తు పెంచితే గొంతు పట్టుకుంటుంది. నేల రెండు డిగ్రీలు వాలితే చాలు, ఎందుకో తెలియకుండా మనిషికి దిగులేస్తుంది. వెలుతురు పైనుంచి ఒక చీలికలోంచే పడాలి, అడుగుల చప్పుడు తమకే వినబడాలి, గోడ చేత్తో తాకేంత దగ్గరగా ఉండాలి. దేశదేశాల స్మారకాలు చూసి, టేపు పెట్టి కొలుచుకుని, పుస్తకంలో రాసుకుంది, ఓడ మునిగినచోట, గని కూలినచోట, బడి కప్పు పడినచోట, అన్నిచోట్లా తను ఏడవలేదు, కొలిచింది. అక్క ఊరికే అంటుందా, “మా చెల్లెలు ఇళ్లు కట్టదండీ, ఏడ్చుకోడానికి గదులు కడుతుంది” అని పెళ్లిళ్లలో అందరికీ చెప్పి నవ్విస్తుంది.

ఫోను మోగింది. ప్రభుత్వం తరఫున పని చూసే ఇంజినీరు, నిద్రలో కూడా ఫైలు చంకలో పెట్టుకునే మనిషి.

“మేడమ్, వాళ్లొస్తున్నారుగా, కాస్త నవ్వుతూ ఉండండి, అంతా సవ్యంగా అయిపోవాలి.”

“సార్, పేర్ల గది తలుపు మార్చాలి.”

“ఏం, విరిగిందా?”

“లేదు. లోపలికి తెరుచుకుంటోంది.”

అవతల గబుక్కున తలుపు మూసిన చప్పుడైంది. ఆయనకీ అర్థమైందని ఆమెకి అర్థమైంది. “మేడమ్,” అన్నాడు గొంతు తగ్గించి, “పని పూర్తయిందని మొన్నే సంతకాలైపోయాయి. ఇప్పుడు మీరు తలుపంటే నేను నిబంధన అనాలి, నిబంధన అంటే నలభై తొమ్మిది ఎవరు రాశారంటారు, అదెక్కడికి పోతుందో మీకు తెలుసు. మీ పేరు, నా పేరు, శుక్రవారం, అన్నీ గోవిందా. ఓ చీల కొట్టించి తలుపు తెరిచే ఉంచండి. ఎవరికి తెలుస్తుంది?” పెట్టేశాడు. ఎవరికి తెలుస్తుంది. నిజమే, చీల కొడితే సరి, వెల్డింగు చేయించినా సరి, గోడకి అతుక్కుపోయిన రెక్క ఎటు తెరుచుకునేదో ఎవడు కనిపెడతాడు.

నానమ్మ పడిపోయిన రోజు. ఎందుకు గుర్తొస్తోంది ఇప్పుడు, పదకొండేళ్ల వయసు తనకి, స్నానాల గదిలో దభీమని చప్పుడు, తలుపు లోపలికి తెరుచుకునేదే, నానమ్మ దానికి అడ్డంగా పడి ఉంది, నాన్న తోస్తే లోపల్నించి మూలుగు, తోసిన కొద్దీ ఆమె నడుం నలుగుతోంది, తోయకపోతే లోపలికి వెళ్లలేరు, నాన్న నుదురు తలుపుకి ఆనించి “అమ్మా, కొంచెం జరగవే, ఒక్క పిసరు జరగవే” అని బతిమాలడం, నాన్న ఏడవగా చూసింది ఆ ఒక్కసారే. చివరికి పైన వెంటిలేటరు అద్దం పగలగొట్టి పక్కింటి పిల్లని దింపారు. నానమ్మ బతికింది, ఇంకో ఆరేళ్లు అందరినీ తిడుతూ బతికింది. ఆ మర్నాడే నాన్న మనిషిని పిలిపించి ఇంట్లో తలుపులన్నీ బయటికి తిప్పించాడు, వంటగదితో సహా, ఇంటికొచ్చినవాళ్లు నవ్వుకునేవారు. ఆ ఇంట్లో పెరిగి, ఆ తలుపుల మధ్య చదువుకుని, తను. ఒక్క మీట.

ఎనిమిదిన్నర. కాజాలమ్మ ఎలా చూస్తుంది? ఫ్యాక్టరీలో చొక్కాలకి కాజాలు కుట్టేది కాబట్టి ఆ పేరు, ఇప్పుడు సంఘానికి పెద్ద, కిటికీలోంచి దూకి తుంటి విరగ్గొట్టుకుని బతికింది. కూతురు పక్క బల్ల మీద బొత్తాలు కుట్టేది. “నువ్వు మెట్లమీంచి పోవే, నేను దూకుతా, ఇద్దరం దూకితే ఇద్దరికీ విరుగుతాయి” అని కూతుర్ని మెట్లవైపు తోసింది తనే. ఈ మాట ఆవిడ నాలుగేళ్ల పరిచయం తర్వాత, ఆకుకూర ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది. మొదటిసారి టేపూ పుస్తకమూ పట్టుకుని ఇంటికి వెళ్లినప్పుడైతే గుమ్మంలోనే నిలబెట్టేసింది: “ఏం కొలుచుకుంటావమ్మాయ్, మా ఏడుపు పొడుగా, వెడల్పా?” వెళ్లిపోలేదు తను, మొండితనంగా మెట్టు మీద కూర్చుంది, గంటన్నర తర్వాత ఆవిడే టీ తెచ్చి పక్కన పెట్టి, “ముందున్నవాళ్లకి వెనక్కి జరిగే చోటు లేదు. వెనకున్నవాళ్లకి ముందేముందో తెలీదు. అంతే. రాసుకో” అంది. రాసుకుంది. ఆ రెండు వాక్యాలే ఈ స్మారకం నమూనాల పోటీలో తెర మీద నల్లటి నేపథ్యంలో తెల్లటి అక్షరాలతో చూపించింది, చూపించి పది సెకన్లు మాట్లాడకుండా ఊరుకుంది, పది సెకన్లని ముందే అనుకుంది, న్యాయనిర్ణేతల్లో ఒకాయన కళ్లజోడు తీశాడు, ఈ పని తనకి దక్కింది. వాక్యం నోటికొచ్చు. నలభై ఊళ్లలో అప్పజెప్పింది. దానర్థం మాత్రం ఒంటికెక్కలేదు, ఇవాళ పొద్దున భుజం ఆనించి తోసేదాకా.

“మేడమ్, పది నిమిషాల పని,” అన్నాడు మేస్త్రీ, ఎప్పట్నించి పక్కన నిలబడ్డాడో. “ఊడదీసి అటు గదిలో ఆనించేస్తా. పాలిష్ ఆరలేదని చెప్పండి. ఎవరూ అడగరు.” ఎంత మంచివాడు, ఎంత ప్రేమగా అబద్ధం అందిస్తున్నాడు. పాలిష్ ఆరలేదు. లేదా చీల. లేదా, ఆలోచించే పెట్టాను. మూడు దారులు ఉన్నాయి, మూడూ నున్నగా ఉన్నాయి. నాలుగోది, జరిగింది జరిగినట్టు చెప్పడం, అది నున్నగా లేదు: సంఘం విడిపోతుంది, ఇలాంటిదాన్నా నమ్మాం అంటారు, ఇంకెవరూ పని ఇవ్వరు, అది సరే, అది నిజంగా సరే, కానీ వాళ్లకి మళ్లీ ఆ తలుపుని చూపించడం? దాచిపెడితే వాళ్లకి దెబ్బ తగలదు కదా? దయ అనుకుందామా దాన్ని? ఊడదియ్యి అని మేస్త్రీతో అందామని నోరు తెరిచింది, అంటే అయిపోయేది, అంతలో బయట బస్సు ఆగిన చప్పుడు. ఎనిమిదీ నలభై. ఎప్పుడూ ముందే వస్తారు వీళ్లు, ఫ్యాక్టరీలో అయిదు నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు కూలి కోసేవాళ్లట, ఆ అలవాటు పోలేదు.

ఇరవై ముగ్గురు. కాజాలమ్మ ముందు, ఒక కాలు ఈడుస్తూ, చేతికర్ర నేలకి ఆనిస్తూ. ఆవిడ వెనకాల బస్సాయన, భార్యని పోగొట్టుకున్న కండక్టరు, అందరినీ లెక్కపెట్టి దింపుతున్నాడు. ముందు గదిలో అద్దం కింది కాగితం చూశారు. నడవాలోకొచ్చారు. పదమూడు పేర్ల దగ్గర ఒక ముసలాయన ఆగి వేలితో ఒక్కొక్క అక్షరమూ తడిమి, ఇక నేను లోపలికి రానని బల్ల మీద కూర్చుండిపోయాడు, తలుపు రెక్క ఆయన ముందుకి రాలేదు, పేరు మూయలేదు, ఇదిగో దీనికోసమే కదా అనిపించి ఆమెకి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. కాజాలమ్మ తలుపు దగ్గరికెళ్లింది. అరచెయ్యి ఆనించి తోసింది. తలుపు లోపలికి వెళ్లింది. ఆవిడ లోపలికి నడవలేదు. పిడి పట్టుకుని వెనక్కి తెచ్చింది, మళ్లీ తోసింది, గుడ్డ సాగుతుందో లేదో రెండు చేతులతో లాగి చూసినట్టు, ఇంకోసారి. “పద పిన్నీ, ఏంటాగావు?” అన్న బస్సాయన ఆవిడ భుజం మీదుగా తొంగిచూసి, అతనూ ఆగిపోయాడు.

“అమ్మాయ్,” అంది కాజాలమ్మ, వెనక్కి తిరక్కుండానే. “దీన్ని కావాలనే ఇట్లా పెట్టావా?”

అడిగిన గొంతులో కోపం లేదు. అవునంటావేమో, సర్దిచెప్పుకోడానికి ఏదైనా ఇస్తావేమో అన్నట్టు అడిగింది, తప్పించుకోడానికి ఆవిడే తలుపు తెరిచి పట్టుకున్నట్టు. మాటలు సిద్ధంగా ఉన్నాయి, నున్నగా, వరసలో, ఒక అడుగు వెనక్కి, దక్కని ఆ అడుగు, పది సెకన్ల మౌనం. అవునమ్మా అంటే చాలు. ఇరవై ముగ్గురూ ఆమె నోటివైపు చూస్తున్నారు.

“లేదమ్మా,” అంది. “మర్చిపోయాను.”

ఎవరో వెనకాల నవ్వులాంటి చప్పుడు చేశారు. “మర్చిపోడానికేనా ఇదంతా కట్టింది?” అన్నాడు ఇంకెవరో, గట్టిగానే. ఆమె తల వంచుకోలేదు, వంచుకుంటే అదీ ఒక నాటకం అవుతుందనిపించింది. బయట పేర్లు మూసుకుపోకూడదని తిప్పాను, నిబంధన అడ్డమొస్తే నలభై తొమ్మిదిమందే అని రాశాను, అది నేను చేసిందే, ఇంకెవరూ చెయ్యలేదు, అని చెప్పింది, గొంతు పాడుగా వచ్చింది, మధ్యలో ఒక మాట రెండుసార్లు చెప్పింది. బస్సాయన చేత్తో ముఖం కప్పుకున్నాడు. కాజాలమ్మ చాలాసేపు తలుపు బందుల వైపే చూసింది.

“కావాలనే అనుంటే నమ్మేదాన్నమ్మాయ్,” అంది చివరికి. “పెద్ద చదువులు చదివినదానివి, ఏదో ఉంటుందిలే అని నమ్మేదాన్ని. నమ్మి ఇంటికెళ్లి, ఇక చచ్చేదాకా ఇటు తొంగిచూసేదాన్ని కాదు.” కర్రతో నేల మీద కొట్టింది. “ఏడీ, దీన్ని బిగించినాయన? ఊడదియ్యి.”

మేస్త్రీ ఆమెవైపు చూడలేదు, కాజాలమ్మవైపే చూసి, సామాను తెచ్చుకున్నాడు. శుక్రవారం అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆఖరి మర వదులైనప్పుడు రెక్క ఒక్కసారిగా బరువు మీదికొచ్చింది, “ఎత్తండి, ఎత్తండి, కాళ్లు జాగ్రత్త!” అంటూ నలుగురు పట్టుకున్నారు, ఒక మూల ఖాళీగా ఉంటే ఆమె వెళ్లి పట్టుకుంది, పక్కనున్నతను ఆమె పట్టుకున్నచోటు నుంచి తన చెయ్యి కొంచెం జరిపాడు, దూరంగా జరిపాడో చోటిచ్చాడో తెలియలేదు. మోసుకెళ్లి ముందు గదిలో ఆ కాగితం కిందే ఆనించారు. తిరిగొచ్చేసరికి అందరూ పేర్ల గదిలోకి వెళ్తున్నారు, ఒకరినొకరు తోసుకోకుండా, ఖాళీగా ఉన్న ద్వారంలోంచి. ఆమెని ఎవరూ పిలవలేదు. ఎవరూ వద్దనలేదు. అరచేతుల్లో చెక్క గీరుకున్న మంట, గడపకి ఇవతల నిలబడింది, లోపలికి అడుగు వెయ్యనా మాననా అని, కాలు ఎత్తి మళ్లీ దించింది. ఏడుపులు వినబడుతున్నాయి, తను కొలిచిన ఏడుపులు కావవి, ఒకరు ఎక్కిళ్లు పెడుతున్నారు, ఒకరు ముక్కు చీదుతున్నారు, ఎవరో ఎవరినో మంచినీళ్లు అడుగుతున్నారు.

“అమ్మాయ్!” లోపల్నించి కాజాలమ్మ గొంతు, చిరాగ్గా. “కళ్లజోడు తెచ్చుకోలేదు. మా పిల్ల పేరు ఎటుపక్క?”

ఆమెకి తెలుసు. ఎడంగోడ, నాలుగో వరస, భుజం ఎత్తులో. “వస్తున్నానమ్మా,” అంది.